కోతకు దిగువన: పూల దుకాణం నడిపే ఒకరి సెలవు రోజులపై కేస్ స్టడీ

ఈ కేసులో పరిశీలనకు గురైన వ్యక్తినీ, పరిశీలన రాసిన వ్యక్తినీ నేనే. చాలా ఏళ్లుగా పూల దుకాణం నడుపుతున్నాను. బొకేలు కట్టడం, వేదికలు అలంకరించడం, కార్యాలయాలకు వారం వారం పూలు అమర్చడం నా పని. పక్షానికి ఒక రోజు దుకాణం మూసి తోటలు చూడడానికి వెళ్లాలన్న నిర్ణయాన్ని ఒక ఏడాది పాటు పాటించినప్పుడు ఏం జరిగిందో, అందులో ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో ఇదే వృత్తిలో ఉన్నవారి కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఆ ఏడాదిలో మొదటి సెలవు రోజున ఒక గులాబీ తోటకు వెళ్లాను. పొద పక్కన నిలబడి ఏదో ఆలోచిస్తుండగా నా కుడిచేయి దానంతట అదే ముందుకు వెళ్లి, విచ్చుకుంటున్న ఒక పువ్వు వెలుపలి రేకను పట్టి మెలితిప్పి తీసేసింది. గులాబీకి బయటి వైపున కాస్త ముతకగా, అంచులు కమిలినట్టుండే రేకలు ఉంటాయి; వాటిని మా వృత్తిలో గార్డ్ పెటల్స్ అంటాం. దారిలో లోపలి రేకలు నలగకుండా అవి కాపాడతాయి కాబట్టి దుకాణానికి చేరేదాకా ఉంచి, పువ్వు అమర్చే ముందు తీసేస్తాం. రోజుకు వందల సార్లు చేసే పని కావడంతో నేను తీశానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. పక్కనే పాదులు చేస్తున్న తోటమాలి చూసి, కోపంగా కాదు గాని, "ఇది ఇక్కడే పూసి ఇక్కడే రాలిపోయేదమ్మా, ఎక్కడికీ పంపేది కాదు" అన్నాడు. క్షమించమని అడిగాను. ఇంటికి వచ్చాక కూడా ఆ రేక నా వేళ్ల మధ్యే ఉన్నట్టు అనిపించింది.

నేపథ్యం

సెలవు తీసుకోవలసిన అవసరం ఒక్కసారిగా రాలేదు. తెల్లవారక ముందే మార్కెట్‌కు వెళ్లడం, కాడలు మళ్లీ కోసి నీళ్లలో పెట్టడం, బకెట్లు కడగడం, కోల్డ్ రూమ్‌కూ బయటి వేడికీ మధ్య రోజంతా తిరగడం, రాత్రి పొద్దుపోయేదాకా మరునాటి ఆర్డర్ల లెక్క చూసుకోవడం ఇవన్నీ ఈ వృత్తిలో మామూలే. నన్ను ఆలోచింపజేసినవి రెండు. మొదటిది, పెళ్లిళ్ల కాలం ముగిశాక కూడా అలసట తీరకపోవడం. ఇష్టపడి ఎంచుకున్న పని కదా, ఇందులో అలసట ఏమిటని నన్ను నేనే దబాయించుకుంటూ వచ్చాను. రెండవది, చేతివేళ్ల కొసలు పగిలి, చర్మం పొలుసులుగా ఊడి, మంట పుట్టడం. ఇది మా వృత్తికి ప్రత్యేకమైన చర్మవ్యాధి. ట్యులిప్ దుంపల్లోనూ, ఆల్‌స్ట్రోమేరియా అనే పూల కాడల్లోనూ ఉండే ట్యులిపోసైడ్ అనే పదార్థం తెగిన భాగాల నుంచి వెలువడినప్పుడు ట్యులిపాలిన్‌గా మారి, చర్మానికి ఎలర్జీ కలిగిస్తుంది. వినైల్ చేతి తొడుగులు దీన్ని అడ్డుకోలేవు, నైట్రైల్ తొడుగులే వేసుకోవాలి. ఆ మార్పు నేను ఆ ఏడాది మొదట్లోనే చేశాను. అందువల్ల చేతులు నయం కావడంలో తొడుగుల వాటా ఎంతో, సెలవుల వాటా ఎంతో విడదీసి చెప్పలేను; ఆ ఘనతను ఈ కేసులో సెలవుల ఖాతాలో వేయడం లేదు.

తోటలనే ఎంచుకోవడానికి కారణం సులువుగానే దొరికింది. 1984లో పరిశోధకుడు రోజర్ ఉల్రిక్ ప్రచురించిన అధ్యయనాన్ని ఆసుపత్రి తోటల గురించి మాట్లాడేవారు తరచూ ప్రస్తావిస్తారు. పిత్తాశయ శస్త్రచికిత్స అయిన రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారని, వారికి బలమైన నొప్పి మందులు తక్కువగా అవసరమయ్యాయని అందులో తేలింది. గోడ చూసిన రోగి కంటే చెట్టు చూసిన రోగి త్వరగా కోలుకుంటే, నాలుగు గోడల మధ్య కోసిన పూలు చూసే నేను పూసిన పూలు చూస్తే కోలుకోనా అనుకున్నాను. ఆ తర్కంలో లోపం ఎక్కడుందో తెలియడానికి నాలుగు సెలవులు ఖర్చయ్యాయి.

మొదటి విడత వృథా అయిన తీరు

మొదటి నాలుగు సెలవులు నాలుగు పూల తోటల్లో గడిపాను, నాలుగు సార్లూ వెళ్లినప్పటికంటే ఎక్కువ అలసటతో తిరిగి వచ్చాను. చామంతుల మడి ముందు నిలబడితే కాడ పొడవు కళ్లతోనే కొలుస్తున్నాను. లిల్లీల దగ్గర ఎన్ని మొగ్గలు విచ్చాయో, ఎన్ని ఇంకా ఆకుపచ్చగా ఉన్నాయో లెక్కపెట్టి, ఇది శనివారం ఆర్డర్‌కు సరిపోదని తీర్మానిస్తున్నాను. జెర్బెరా మెడ వంగితే నీళ్లు ఎక్కలేదని విసుక్కుంటున్నాను. ఫోన్‌లో తీసిన ఫోటోలన్నీ రంగుల కలయికలే. వాటిని రాత్రి కూర్చుని ఫోల్డర్లుగా సర్దాను. అంటే సెలవు రోజున ఉదయం నుంచి రాత్రి దాకా సరుకు తనిఖీ చేశానన్నమాట.

దీనికి వివరణ పర్యావరణ మనస్తత్వ శాస్త్రంలో దొరికింది. రేచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1980లలో రూపొందించిన శ్రద్ధ పునరుద్ధరణ సిద్ధాంతం ప్రకారం, పట్టుబట్టి ఒక పనిపై నిలిపే శ్రద్ధ వాడినకొద్దీ అలసిపోతుంది. ప్రయత్నం లేకుండానే మనసును మెల్లగా తనవైపు లాక్కునే దృశ్యాలు, అంటే మబ్బులు, కదిలే ఆకులు, పారే నీళ్ల వంటివి ఎదుట ఉన్నప్పుడు ఆ శ్రద్ధకు విశ్రాంతి దొరుకుతుంది. ఆ విశ్రాంతికి వారు చెప్పిన నియమాల్లో ఒకటి, రోజువారీ వ్యవహారం నుంచి మానసికంగా దూరం కావడం. చాలామందికి పువ్వు అటువంటి మెత్తని ఆకర్షణే. నాకు మాత్రం పువ్వు రోజువారీ వ్యవహారం. దాన్ని చూడగానే నా మెదడు నాణ్యత నిర్ణయించే బల్ల ముందు కూర్చుంటుంది. సాధారణ సందర్శకులకు పనిచేసే చికిత్స పూలవారికి యథాతథంగా పనిచేయకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. ఈ వృత్తిలోని స్నేహితులు సెలవు అనగానే పూల ప్రదర్శనకు పరుగెత్తడం చూసినప్పుడల్లా నాకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది, చెబితే వినరు.

పనికిరాని మూలలు

ఐదో సెలవున వాన పడింది. దగ్గర్లో కనిపించిన గాజు ఇంట్లోకి తలదాచుకోవడానికి వెళ్తే అది ఫెర్న్‌ల గది. అందులో ఒక్క పువ్వు లేదు. ఫెర్న్‌లు పూయవు, గింజలు కట్టవు, బీజరేణువులతో వ్యాపిస్తాయి. గంటన్నర సేపు అక్కడే కూర్చున్నాను. గాజు మీద వాన చప్పుడు, తడి మట్టి వాసన, చుట్ట విప్పుకుంటున్న కొత్త ఆకుల కొసలు తప్ప నన్ను పలకరించేది ఏదీ లేదు. అందులో అమ్మడానికి పనికొచ్చేదీ, కొనాలనిపించేదీ కూడా లేకపోవడంతో, నేను లెక్కలు మానేశానన్న సంగతి బయటికి వచ్చాకే గమనించాను.

ఆ గదిలో మా దుకాణానికి సంబంధించిన మొక్క ఒకటే ఉంది, లెదర్‌లీఫ్ ఫెర్న్. బొకేల్లో వెనుక ఆకుగా ఏళ్ల తరబడి వాడుతున్నాను. దాని ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు చూసి, పురుగు పట్టిన ఆకు ఇచ్చారని కొనుగోలుదారులు ఫిర్యాదు చేస్తుంటారు, నేను మారు మాట లేకుండా మార్చి ఇస్తుంటాను. అవి పురుగులు కావు, బీజరేణువుల సంచులు. ముదిరిన ఆకుకు అవి ఉండడం సహజం. పుస్తకంలో ఎప్పుడో చదివిన ఈ సంగతి, నేలలోంచి వచ్చిన మొక్కపై వరుసగా లేత ఆకు, నడివయసు ఆకు, ముదురు ఆకు కనిపించినప్పుడు మాత్రమే మనసుకు పట్టింది. ఇప్పుడు ఆ ఆకులు మార్చి ఇవ్వడం లేదు, ఆకు తిప్పి చూపించి చెబుతున్నాను.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ప్రతి తోటలోనూ ముందు నా వ్యాపారానికి పనికిరాని మూలకు వెళ్లడం మొదలుపెట్టాను. ఎరువు కుప్పలు, నాచు పట్టిన గోడలు, నర్సరీ వెనుక ఖాళీ కుండీల వరుసలు, గింజ కోసం వదిలేసిన కూరగాయల మడులు, పెద్ద చెట్ల నీడలు నాకు ఆ ఏడాది ఇష్టమైన చోట్లయ్యాయి. ఒకసారి చెట్టు కింద పడుకుని రెండు గంటలు నిద్రపోయాను, ఆ రోజు తోట చూడలేదు; అయినా ఏడాది మొత్తంలో అంత మంచి సెలవు మరొకటి లేదు. అటువంటి చోట గంట గడిపాక పూల మడుల వైపు వెళ్తే, కాడ కొలిచే చూపు కొంత వెనక్కి తగ్గి ఉండేది.

కత్తెర తెగేసిన సంగతులు

ఇక్కడి నుంచి విషయం విస్తృతమైంది. పూల దుకాణానికి చేరే ప్రతి పువ్వూ ఒక కోత గీత దగ్గర మొదలవుతుంది. ఆ గీతకు పైన ఉన్నదంతా నాకు తెలుసు: ఎన్ని రోజులు నిలుస్తుంది, ఏ చలిలో ఉంచాలి, ఏ పువ్వు పక్కన పెట్టకూడదు. గీతకు దిగువన ఉన్నదీ, కోయకపోతే ఆ తర్వాత జరిగేదీ నాకు దాదాపు తెలియదని ఈ సెలవుల్లో అర్థమైంది.

గ్లాడియోలస్ కాడలను నిలువుగానే ఉంచాలన్నది మాకు మొదటి రోజు నేర్పే నియమం. పెట్టెలో అడ్డంగా పడుకోబెడితే కొసలు పైకి వంకర తిరుగుతాయి. ఒక తోటలో గాలికి నేలకు ఒరిగిపోయిన గ్లాడియోలస్ ఒకటి కనిపించింది. కాడ అంతా నేలపై పడి ఉన్నా, కొస మాత్రం ఆకాశం వైపు లేచి ఉంది. కాడలోని కణాల్లో పిండిరేణువులు కింది వైపుకు జారి చేరతాయి, దాన్నిబట్టి ఆక్సిన్ అనే హార్మోను కింది పక్కన ఎక్కువవుతుంది, ఆ పక్క ఎక్కువ సాగడంతో కొస పైకి వంగుతుంది. మా పెట్టెల్లో వంకర తిరిగిన కాడ పాడైన సరుకు. తోటలో అది పడిపోయి లేవడానికి ప్రయత్నిస్తున్న మొక్క. నియమం మారలేదు, పడుకోబెట్టి తెచ్చిన సరుకును చూసినప్పుడు నాకు కలిగే విసుగు మాత్రం తగ్గింది.

హైడ్రేంజియాల వరుస ఇంకా ఎక్కువ నేర్పింది. ఒకే రకం మొక్కలు గోడ పక్కన గులాబీ రంగులోనూ, చెట్ల కింద నీలంగానూ పూశాయి. ఆమ్ల గుణం ఉన్న మట్టిలో అల్యూమినియం వేళ్లకు అందుతుంది, పూలు నీలమవుతాయి. క్షార గుణం ఉన్న మట్టిలో అందదు, పూలు గులాబీ రంగుకు తిరుగుతాయి. సున్నం ఊరే పాత గోడ పక్కన మట్టి ఎటువైపు మొగ్గుతుందో ఊహించవచ్చు. మనం రేకలనుకునేవి నిజానికి రక్షక పత్రాలు, అందుకే అవి అంతకాలం నిలుస్తాయి. పోయిన నెల ఇచ్చిన నీలమే మళ్లీ కావాలని అడిగేవారికి, అది రంగుల డబ్బాలోంచి తీసేది కాదని నేనిప్పుడు ముందే చెబుతున్నాను.

ఏడాదిలో ఒక్క దూర ప్రయాణం చేశాను. నెదర్లాండ్స్‌లోని లిస్సె వద్ద ఉన్న కూకెన్‌హాఫ్ తోటకు వసంతంలో వెళ్లాను. 1950లో సందర్శకులకు తొలిసారి తెరిచిన ఈ తోట సుమారు 32 హెక్టార్లలో ఉంటుంది. ఏటా దాదాపు 70 లక్షల దుంపలు నాటి, మార్చి నుంచి మే మధ్య వరకు ఎనిమిది వారాలపాటు మాత్రమే తెరిచి ఉంచుతారు. నిజం చెప్పాలంటే ఆ తోటలో నాకు విశ్రాంతి దొరకలేదు, పూలూ ఎక్కువే, జనమూ ఎక్కువే. ఉదయపు చలిలో ముడుచుకున్న ట్యులిప్‌లు ఎండ ఎక్కాక గిన్నెల్లా తెరుచుకోవడం మాత్రం తనివితీరా చూశాను. వేడికి రేకల లోపలి వైపు, చలికి వెలుపలి వైపు ఎక్కువ సాగడం వల్ల ఇలా జరుగుతుంది. పొద్దున మొగ్గలిచ్చి మోసం చేశారని మా దుకాణానికి వచ్చే ఫిర్యాదు వెనుక ఉన్నదీ ఇదే.

నన్ను నిలబెట్టేసింది తోట కాదు, చుట్టుపక్కల పొలాలు. అక్కడ దుంపల కోసం పెంచే ట్యులిప్‌లు పూర్తిగా విచ్చుకున్నాక, యంత్రంతో పూల తలలు నరికేస్తారు. పువ్వు గింజ కట్టే దశకు పోకుండా ఆపితే మొక్క ఆహారమంతా దుంపకు చేరుతుంది. వరుసల మధ్య ఎర్రటి, పసుపు తలలు కుప్పలుగా పడి ఉన్నాయి. నేను ఇన్నేళ్లుగా పువ్వును సరుకుగా, దిగువ భాగాన్ని చెత్తగా చూశాను. అక్కడ పువ్వే చెత్త, దిగువ భాగమే పంట. గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. ఫోటో తీయాలని తోచలేదు.

ఎదురుదెబ్బ

ఈ ఉత్సాహంలో ఒక తప్పు చేశాను. ఒక వేడుకకు తోటలో పూసినట్టుండే అలంకరణ చేస్తానని మాట ఇచ్చి, ఆరుబయట పెంచిన ఫాక్స్‌గ్లవ్ కాడలు తెప్పించాను. దించేసరికి పెట్టె అడుగున గంటల్లాంటి పూలు రాలి ఉన్నాయి, కాడల కింది సగం బోడిగా మిగిలింది. ఉన్నవాటిని పొట్టిగా కోసి, ఆకులతో కప్పి ఆ రోజు గట్టెక్కాను, కాని ఒప్పుకున్న పని అది కాదు. రుసుములో కొంత తగ్గించుకున్నాను.

కారణం రెండు వారాల తర్వాత తోటలో తెలిసింది. ఫాక్స్‌గ్లవ్ మడి పక్కన కూర్చుంటే తుమ్మెదలు ఎప్పుడూ కింది పువ్వు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క గంటలోకి దూరుతూ పైకి ఎక్కుతున్నాయి. కింది పూలు ముందు పూస్తాయి కాబట్టి అవే ముందు పరాగ సంపర్కం పొందుతాయి. పరాగం అందిన పువ్వులో ఎథిలీన్ వాయువు పుడుతుంది, ఆ సంకేతంతో రేకల గంట రాలిపోతుంది. పని పూర్తయిన పువ్వును మొక్క ఇక నిలుపుకోదు. ఎథిలీన్ కార్నేషన్లను ముడుచుకుపోయేలా చేస్తుందని క్రాకర్, నైట్ అనే పరిశోధకులు 1908లోనే చూపించారు. పండ్ల నుంచీ అదే వాయువు వెలువడుతుంది, వాటి బుట్ట పక్కన పూలు పెట్టవద్దని మేం చెప్పేది అందుకే. బయటి నుంచి వచ్చే ఎథిలీన్ సంగతి తెలిసిన నాకు, పువ్వు తనలో తానే దాన్ని పుట్టిస్తుందన్న విషయం ఆ మడి దగ్గరే నిజంగా తెలిసింది. ఇప్పుడు ఫాక్స్‌గ్లవ్ కావాలంటే కీటకాలు చేరని గాజు ఇంట్లో పెంచిన కాడలే అడుగుతాను, కింది రెండు మూడు పూలు విచ్చగానే కోయమంటాను. అది విషపు మొక్క కాబట్టి భోజనాల బల్లపై పెట్టను. దాని నీళ్లు పారబోసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం.

దుకాణంలో మారినవి

మార్పులు పెద్దవి కావు. కోసిన తర్వాత కూడా ట్యులిప్ కాడ కొన్ని సెంటీమీటర్లు సాగుతుంది కనుక, ఇతర పూలకంటే వాటిని కాస్త కిందికి దించి అమరుస్తున్నాను. ఒకే వరుస రేకలుండే గులాబీలను కోయకుండా వదిలితే వచ్చే ఎర్రటి కాయలను ఒక తోటలో తొలిసారి సరిగా చూశాక, వాటి కాడలను ఆకురాలు కాలపు పనుల్లో వాడుతున్నాను. కూరగాయల మడిలో చూసిన కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర) ఆకులు కూడా అమరికల్లోకి వచ్చాయి. ఇందులో నా కొత్తదనం ఏమీ లేదు, 1953లో బ్రిటన్ రాణి పట్టాభిషేకానికి పూలు అమర్చిన కాన్‌స్టెన్స్ స్ప్రై 1930లలోనే ఆ పని చేసింది. కాడలు గుచ్చే ఫోమ్ దిమ్మెలు చాలావరకు మానేసి కోళ్ల వల తీగను ముద్దగా చేసి వాడుతున్నాను, అదీ ఆమె వాడిన ఉపాయమే.

సెలవు విషయంలో నాకు నిలిచిన పద్ధతి ఇది. పెద్ద ఆర్డర్ ముగిసిన మరునాడు తోటకు వెళ్లను. ఆ రోజు ఒంటికి కావలసింది నిద్ర, నడక కాదు. ఒక రోజు ఆగి వెళ్తాను. కత్తెర సంచిలో ఉండదు, మొదటి గంట ఫోన్ బయటికి రాదు. ఇదే వృత్తిలో ఉన్నవారితో కలిసి వెళ్లను, ఎంత మంచి స్నేహమైనా గేటు దాటక ముందే సంభాషణ రేట్ల మీదికి మళ్లుతుంది. దుకాణం మూసిన రోజుల్లో ఆర్డర్లు పోయాయి, కొందరు కొనుగోలుదారులు వేరే చోటికి వెళ్లారు, వాళ్లలో అందరూ తిరిగి రాలేదు. ఈ నష్టాన్ని భరించలేని దుకాణానికి పక్షానికి ఒక రోజు సాధ్యం కాదు, నెలకు ఒక పూట కూడా వృథా కాదని మాత్రం చెప్పగలను. సహాయకురాలికి కూడా జీతం తగ్గకుండా అదే సెలవు ఇచ్చాను. ఆమె తోటలకు వెళ్లదు, ఇంట్లో నిద్రపోతుంది.

వచ్చే ఏడాదికి కొత్త తోటల జాబితా వేసుకోలేదు. చూసిన వాటికే, చూసిన నెలల్లోనే మళ్లీ వెళ్తాను. హైడ్రేంజియాల వరుసలో గోడ పక్కనున్న ఒక గులాబీ రంగు మొక్కకు తోటమాలి ఈ మధ్య అల్యూమినియం సల్ఫేట్ వేయడం మొదలుపెట్టాడు. రంగు తిరగడానికి ఒక పూత కాలం సరిపోదని, రెండో ఏడు చూడమని చెప్పాడు. దాని పూత మొదలయ్యే వారంలో ఒక రోజుకు ఇప్పటి నుంచే ఆర్డర్లు తీసుకోవడం ఆపేశాను.